మా నానమ్మ పేరున్న కుక్కలు

మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉన్న అలమరలో ఒక పొడుగాటి పుస్తకం ఉంటుంది. నల్ల అట్ట, మూలలకు ఎర్రగుడ్డ. వెన్ను ఊడిపోతే అమ్మ దబ్బనంతో కుట్టింది. నాన్న రైల్వేలో గార్డు. బండి ఏ స్టేషన్లో ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి కదిలింది, ఆలస్యమైతే ఎందుకైంది అని గార్డులు దారిపొడుగునా రఫ్ జర్నల్ రాసేవాళ్లు. నాన్న 34 ఏళ్లు అది రాశాడు. ఇంట్లో కుక్క ఈనుతున్నప్పుడు కూడా ఆయన చెయ్యి అలాగే రాసేది.

‘02.40. ఒకటి. ఆడ. నలుపు. 190 గ్రాములు. వెంటనే అరిచింది. 03.05. రెండు. మగ. ఎరుపు. 175. తువ్వాలుతో రుద్దాక అరిచింది. 04.20. మూడు. ఆలస్యం. తల్లి అలిసింది. గ్లూకోజు నీళ్లు పట్టాం.’

ఇలా 1973 నుంచి 2019 దాకా 31 కాన్పులు, 134 పిల్లలు. ఒక్కో పిల్లకు ఒక్కో వరుస. పుట్టిన టైము, బరువు, రంగు, పెట్టిన పేరు, ఎవరింటికి వెళ్లింది, వాళ్ల చిరునామా, వేయించిన టీకాలు. కుడివైపు చివర్లో ఇంకో గడి ఉంది. దానికి నాన్న పైన ఏ పేరూ రాయలేదు. అదెందుకో ఇంట్లో అందరికీ తెలుసు.

మాది సికింద్రాబాద్, లాలాగూడ రైల్వే క్వార్టర్స్. నాన్న ఉద్యోగంలో చేరిన 1962లో దక్షిణ మధ్య రైల్వే ఇంకా పుట్టలేదు. అది వచ్చింది 1966లో. ఆ రోజుల్లో లాలాగూడ, మెట్టుగూడ నిండా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. డ్రైవర్లు, ఫోర్‌మన్లు, గార్డులు. సాయంత్రమైతే వాళ్ల వరండాల్లో గ్రామఫోన్ పాట, కాళ్ల దగ్గర ఒక కుక్క. తర్వాత ఒక్కో ఇల్లే ఖాళీ అవుతూ వచ్చింది. ఎక్కువమంది ఆస్ట్రేలియాకే వెళ్లిపోయారు.

1972లో అలా పర్త్‌కు వెళ్లిపోతున్న ఒక మెయిల్ డ్రైవర్ తన కుక్కను కాజీపేటలో ఉన్న చుట్టానికి పంపుతూ నాన్న బండిలో బుక్ చేశాడు. గార్డు ఉండే బ్రేక్ వ్యాన్లో కుక్కల కోసం చిన్న అర ఉంటుంది, గాలికి చిల్లులున్న ఇనప తలుపుతో. దాన్ని డాగ్ బాక్స్ అంటారు. కాజీపేటలో తీసుకోవలసిన మనిషి రాలేదు. నాన్న ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ చూసి, స్టేషన్లో అడిగి, చివరికి తిరుగు బండిలో దాన్ని వెనక్కి తెచ్చాడు. లాలాగూడకు వచ్చేసరికి డ్రైవర్ ఇంటికి తాళం. వాళ్లు బొంబాయి వెళ్లిపోయారు.

అలా మా గుమ్మంలోకి వచ్చింది డచెస్. నల్లటి ఒళ్లు, జానెడు కాళ్లు, మూరన్నర పొడుగు. నాకప్పుడు మూడేళ్లు. అక్కకు ఆరు.

నానమ్మ దాన్ని చూసి గడప దగ్గరే ఆగిపోయిందట. డచెస్‌కు రెండు కళ్ల పైన గోధుమరంగు చుక్కలు ఉండేవి, అచ్చం ఇంకో రెండు కళ్లలాగా. ‘ఒరేయ్, ఇది నాలుగు కళ్ల కుక్కరా. యముడి వాకిట్లో ఉండేవి ఇలాంటివే’ అంది. ఆవిడ అన్నది ఊరికే కాదు. యముడి దారి కాసే రెండు కుక్కలకు నాలుగేసి కళ్లని వేదంలోనే ఉంది. అవి దేవతల కుక్క సరమ పిల్లలు. జనమేజయుడి తమ్ముళ్లు నిష్కారణంగా కొట్టిన కుక్కపిల్ల కోసం రాజు దగ్గరికి వెళ్లి అడిగిన తల్లి కూడా సరమే. ఆ కథ మాకు చెప్పింది నానమ్మే. కానీ కథలో కుక్క వేరు, పూజగది ముందు పడుకునే కుక్క వేరు.

ఆవిడ మనసు మార్చింది పందికొక్కులు. క్వార్టర్ పెరట్లో నానమ్మ బీరపాదు, ఆనపపాదు వేసేది. పందికొక్కులు మొదళ్లు తవ్వేసేవి, వంటింటి గోడ కింద నుంచి లోపలికి వచ్చి పెసలు, కందులు తినేసేవి. బోను పెట్టినా, మందు పెట్టినా లాభం లేకపోయింది. డచెస్ వచ్చిన పది రోజులకు ఒక మధ్యాహ్నం పాదు కింద బొరియలోకి దూరింది. బయట తోక మాత్రం కనిపిస్తోంది. లోపలి నుంచి మొరుగుడు, భూమే మొరుగుతున్నట్టు. కాసేపటికి వెనక్కి వెనక్కి వచ్చింది, నోట్లో పిల్లి అంత పందికొక్కు. తెచ్చి నానమ్మ కాళ్ల దగ్గర పెట్టింది. ఆ రాత్రి నుంచి దాని పెరుగన్నం నానమ్మే కలిపేది.

దాని జాతి పేరు డాష్‌హండ్ అని, జర్మన్ భాషలో దాని అర్థం బ్యాడ్జర్ కుక్క అని మాకు చాలా కాలానికి తెలిసింది. బొరియల్లో ఉండే బ్యాడ్జర్‌ను పట్టడానికి జర్మన్ వేటగాళ్లు తయారుచేసుకున్న జాతి. కాళ్లు పొట్టివి కాబట్టి బొరియలో దూరగలదు. గొంతు ఒంటికి మించి ఉంటుంది కాబట్టి లోపల ఎక్కడుందో పైవాడికి తెలుస్తుంది. ఆ గొంతు గొప్పతనం మా క్వార్టర్స్‌లో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే ప్రతి ఇంటికీ తెలుసు, పాపం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు మస్కట్‌గా, అంటే గుర్తు బొమ్మగా, పెట్టింది కూడా వాల్డీ అనే డాష్‌హండ్‌నే. ఒలింపిక్స్‌కు అధికారికంగా పెట్టిన మొదటి మస్కట్ అదే. మారథాన్ దారిని కూడా మ్యాపులో వాల్డీ ఆకారం వచ్చేలా గీశారు. ఇది తెలిసినప్పుడు నాన్న ముఖం చూడాలి. ‘డచెస్ మనింటికొచ్చిన ఏడాదే’ అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు.

మా కుటుంబాన్ని ఈ దారిలో పెట్టింది మాత్రం ఒక కవరు. ఆరు నెలలకు పర్త్ నుంచి వచ్చింది. డ్రైవర్ అంకుల్ రాసిన రెండు ముక్కల ఉత్తరం, కుక్కను ఉంచుకోమని. దాంతోపాటు డచెస్ రిజిస్ట్రేషన్ కాగితం. అందులో దాని తల్లిదండ్రులు, వాళ్ల తల్లిదండ్రులు, వాళ్లవాళ్లు, మూడు తరాల పేర్లు. నాన్న దాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడట. తర్వాత నానమ్మను పిలిచి, ‘అమ్మా, నీ అవ్వ పేరేంటి?’ అని అడిగాడు. నానమ్మకు గుర్తు రాలేదు. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు పొద్దున్న కాఫీ దగ్గర చెప్పింది. నాన్న పుస్తకంలో మొదటి పేజీ కుక్కలది కాదు. అది మా వంశవృక్షం, డచెస్ కాగితంలో ఉన్న పద్ధతిలోనే గీసింది. ఆడవాళ్ల పేర్లు కూడా అన్నీ ఉన్నాయి.

మొదటి కాన్పు 1973లో. సికింద్రాబాద్‌లో ఒక పార్శీ కుటుంబం దగ్గర ఎర్ర మగకుక్క ఉండేది, దానితో జత కట్టించాం. కుక్కకు కడుపు అరవై మూడు రోజులు, రెండుమూడు రోజులు అటూ ఇటూ. అరవయ్యో రోజు నుంచి నాన్న మూడు పూటలా థర్మామీటర్ పెట్టి చూసేవాడు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101, 102 ఉంటుంది. అది 99 కిందికి దిగిందంటే ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. ఆ రోజు డ్యూటీ ఎవరితోనైనా మార్చుకునేవాడు. కిరసనాయిలు పెట్టెను అడ్డంగా పడుకోబెట్టి, లోపల పాత న్యూస్‌పేపర్లు, వాటి మీద నానమ్మ నేత చీర, పైన అరవై క్యాండిల్ బల్బు. పుట్టిన పిల్లలు మొదటి వారం తమ వేడి తాము కాపాడుకోలేవు. చల్లబడితే పాలు తాగవు, తాగినా అరగదు. ‘ముందు వేడి, తర్వాతే పాలు’ అని నాన్న అనేవాడు. పన్నెండో రోజు ప్రాంతంలో కళ్లు తెరుచుకుంటాయి, మొదట నీలంగా, పొగ పట్టినట్టు. ఆ రోజు మమ్మల్ని బడికి పంపడం అమ్మకు పెద్ద పని.

పేర్లు నానమ్మ పెట్టేది. వంటింట్లో కూర్చుని ఎదురుగా ఏ డబ్బా కనిపిస్తే ఆ పేరు. మినుము, మిరియం, కందిపప్పు. తర్వాతి కాన్పుల్లో ధనియం, రాగి, ఇంగువ, బెల్లం. నాలుగో వారం నుంచి రాగి జావ పెట్టేవాళ్లం, ముఖాలన్నీ పూసుకుని ఒకదాన్నొకటి నాకేవి.

కుక్కల షో అనేది ఒకటుందని తెలిసింది 1976 చలికాలంలో. నాన్న చూడ్డానికని వెళ్లి రోజంతా డాష్‌హండ్ రింగ్ తాడు పక్కనే నిలబడి వచ్చాడు. రెండేళ్లకు మినుమును పట్టుకుని అక్కే రింగ్‌లోకి దిగింది. అక్కకు పన్నెండేళ్లు. చిన్న జాతుల కుక్కల్ని జడ్జి బల్ల మీద నిలబెట్టి చూస్తాడు. పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు, ఛాతీ కింద చెయ్యి పెడతాడు, మెడ నుంచి తోక దాకా వేళ్లతో వెన్ను తడుముతాడు. పరాయి చెయ్యి పడితే కుక్క ముడుచుకుపోకూడదు. అందుకని అమ్మ కుట్టుమిషన్ బల్ల మీద మినుమును నిలబెట్టి, ఇంటికి వచ్చిన ప్రతి మనిషి చేతా తడిమించేవాళ్లం. పాలవాడు, పోస్ట్‌మాన్, కరెంటు బిల్లు వాడు, నానమ్మ కోసం వచ్చే పురోహితుడు కూడా. పెరట్లో నాన్న సుద్దముక్కతో గీత గీశాడు. అక్క ఆ గీత మీద నడవాలి, కుక్క అక్క ఎడమకాలు వదలకుండా నడవాలి. పరికిణీ జేబులో ఉడికించిన లివర్ ముక్కలు. ఆ వాసన మా అక్కను స్కూల్లో కూడా వదల్లేదు. అక్క ఒక్కరోజు కూడా ఫిర్యాదు చేయలేదు.

క్లాసులో నాలుగు కుక్కలుంటే మినుము నాలుగోది. జడ్జి పెద్దాయన, ఓపికున్న మనిషి. వెన్ను బాగుందని, ముందు కాళ్ల పాదాలు బయటికి తిరిగాయని చెప్పాడు. నాన్న అది పుస్తకంలో తేదీతో సహా రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం సరిచేయడానికి మాకు ఎనిమిదేళ్లు పట్టింది. మినుముకు జతగా, ముందు కాళ్లు నిటారుగా ఉన్న మగకుక్క కోసం బెంగళూరు దాకా వెళ్లాం. కాళ్లు బాగుపడ్డ పిల్లల్లో తల కురచ వచ్చింది. తల సరిచేస్తే ఛాతీ తేలిపోయింది. ఒక తప్పు దిద్దబోతే ఇంకో తప్పు తలెత్తుతుంది. రెండు మంచి కుక్కల్ని కలిపితే మంచి పిల్లలు వస్తాయనుకునేవాళ్లు ఈ పనిలో ఎక్కువ కాలం ఉండరు. తాతల్ని, అవ్వల్ని చూడాలి, వాళ్ల తోబుట్టువుల్ని చూడాలి. నాన్న సెలవుల్లో ఊళ్లు తిరిగి చూసొచ్చింది కుక్కల్ని కాదు, కుక్కల చుట్టాల్ని.

కెన్నెల్ పేరు రిజిస్టర్ చేయడం కూడా ఆ 1978లోనే. పిల్లలన్నిటి పేర్లకూ ముందు ఆ పేరు ఉంటుంది, మన ఇంటిపేరులాగా. నాన్న నానమ్మ పేరు రాసి పంపాడు. ‘నా పేరు కుక్కలకెందుకురా?’ అంది నానమ్మ. ‘మూడు తరాల తర్వాత ఇంకో ఇంటి కుక్క కాగితంలో కూడా నీ పేరుంటుందమ్మా’ అన్నాడు నాన్న. నానమ్మ ఇంకేం మాట్లాడలేదు. కానీ సర్టిఫికెట్ వచ్చిన రోజు, ఇంగ్లీషులో ఉన్న తన పేరు ఏదో చూపించమని అక్కను అడిగి, దాని మీద వేలు పెట్టి చూసుకుంది.

1983 గురించి ఎలా రాయాలో నాకు తెలీదు. కుక్కల పార్వో వైరస్ ప్రపంచంలో కనిపించిందే 1978లో. ఎనభైల మొదట్లో మన దేశానికి వచ్చింది. అప్పటికి మా ఊళ్లో దాని టీకా దొరకడం కష్టం. ఆ వానాకాలంలో ఇంట్లో ఐదు పిల్లలు, ఏడు వారాలవి. ఒకరోజు పొద్దున్న రాగి జావ గిన్నె అలాగే ఉంది. మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒకసారి తెలిసినవాళ్లు ఇక మర్చిపోరు. పశువుల డాక్టరు వచ్చి చర్మం కింద సెలైన్ ఎక్కించాడు. అమ్మ గంటకోసారి చెంచాతో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టింది. మూడు రోజుల్లో నాలుగు పోయాయి. చివరి గడిలో నాన్న నాలుగు టైములు రాశాడు. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

ఆ వైరస్ చెప్పులకు అంటుకుని వస్తుంది, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ‘నేనే తెచ్చాను, ఏ ప్లాట్‌ఫాం మీదో తొక్కి నేనే తెచ్చాను’ అని నాన్న అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పెరట్లో జానెడు లోతు మట్టి తీసి పారేశాం. గోడలకు సున్నం వేశాం. గేటు దగ్గర బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ల తొట్టి పెట్టాం, కాళ్లు ముంచకుండా మేనమామ వచ్చినా లోపలికి రావడానికి లేదు. ఏడాదిన్నర దాకా జత కట్టించలేదు. బతికిన ఐదోది ధనియం. ఎర్రటి ఆడపిల్ల. బెల్లం తల్లి అదే.

బెల్లం 1986లో పుట్టాడు. మిగతావాటిని అది, ఇది అన్నా మా ఇంట్లో బెల్లాన్ని అందరూ వాడు అనే అన్నారు. ముదురు ఎరుపు, కొత్త బెల్లం దిమ్మ రంగు. ముందు కాళ్లు గీత గీసినట్టు నిటారుగా ఉండేవి. 1978లో ఆ జడ్జి చెప్పిన వాక్యానికి జవాబు వాడు.

1989 మేలో వాణ్ని ఊటీ తీసుకెళ్లాం. సౌత్ ఆఫ్ ఇండియా కెన్నెల్ క్లబ్ వాళ్లు ప్రతి వేసవిలో గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పెట్టే షో అది. దక్షిణాదిలో కుక్కలు పెంచేవాళ్లకు ఊటీ అంటే తిరునాళ్లే. పాసు మీద మద్రాసు దాకా, అక్కడి నుంచి నీలగిరి ఎక్స్‌ప్రెస్‌లో మేట్టుపాళయం. సెకండ్ క్లాసులోకి బెల్లాన్ని రానివ్వరు, డాగ్ బాక్సే గతి. 17 ఏళ్ల క్రితం డచెస్ వచ్చిన అలాంటి అరలోకే వాణ్ని ఎక్కించి, నాన్న పెద్ద స్టేషన్ వచ్చినప్పుడల్లా దిగి పరుగెత్తి చూసొచ్చేవాడు. రాత్రంతా నిద్రపోలేదు. మేట్టుపాళయం నుంచి ఘాట్ రోడ్డు మీద అద్దె కారు. కూనూరు దాటేసరికి వాడు వణకడం మొదలుపెట్టాడు. లాలాగూడ మే నెల నుంచి వచ్చిన కుక్క. అమ్మ బ్యాగులోంచి నాన్న పాత స్వెటర్ తీసి, చెయ్యి ఒకటి కత్తెరతో కోసి, దానికి రెండు చిల్లులు పెట్టి బెల్లానికి తొడిగింది. డాష్‌హండ్‌కు స్వెటర్ చెయ్యి సరిగ్గా సరిపోతుంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ స్వెటరూ వృథా పోలేదు.

రింగ్‌లో అక్క. ఇరవై మూడేళ్లు, పెళ్లిచూపులు జరుగుతున్న రోజులు. పచ్చగడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. మైకులో పేరు పిలిచారు. ఇంగ్లీషు యాసలో, అక్షరాలు అటూ ఇటూ అయినా, మా నానమ్మ పేరు. ఆ కొండల మీద, అంతమంది మధ్య. నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. విదేశం నుంచి వచ్చిన జడ్జి బెల్లం వెన్ను మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. అక్క ఊపిరి బిగపట్టడం నాకు తాడు ఇవతలి నుంచి కనిపించింది. చాలెంజ్ సర్టిఫికెట్, చాంపియన్ కావడానికి కావలసిన కాగితం, కొడగు నుంచి వచ్చిన కుక్కకు వెళ్లింది. బెల్లానికి రిజర్వ్, అంటే రెండో స్థానం, వచ్చింది. ఇంటికొచ్చాక నానమ్మ అడిగింది ఒక్కటే, ‘నా పేరు సరిగ్గా పలికారా?’ ‘పలికారమ్మా’ అన్నాడు నాన్న.

తర్వాతి సీజన్లో చాలెంజ్ సర్టిఫికెట్లు వచ్చాయి, వాడు చాంపియన్ అయ్యాడు. జత కోసం మద్రాసు నుంచి, విజయవాడ నుంచి ఉత్తరాలు, మనియార్డర్లు. మూడు కాన్పులకు తండ్రి అయ్యాడు, పదమూడు పిల్లలు.

1991లో ఒక ఆదివారం పొద్దున్న బెల్లం లేచి నిలబడబోయాడు. ముందు సగం లేచింది. వెనక సగం రాలేదు. వెనక్కి తిరిగి తన కాళ్లనే చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. అరవలేదు కూడా.

పొడుగు నడుం కుక్కలకు వచ్చే జబ్బు అది. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్క్ చిన్నవయసులోనే గట్టిపడి, ఒకరోజు పగిలి నరాల మీదికి వస్తుంది. డాష్‌హండ్లలో నాలుగైదింటిలో ఒకదానికి వస్తుందంటారు. డాక్టరు పూర్తి విశ్రాంతి అన్నాడు. నాన్న టీ పెట్టె చెక్కలతో వాడు తిరగడానికి కూడా చోటు లేనంత బోను చేశాడు. ఆరు వారాలు. మూత్రం వాడంతట వాడికి రాదు, పూటకోసారి పొట్ట కింద మెల్లగా నొక్కి పోయించాలి. ఆ పని నాన్న డ్యూటీకి వెళ్తే నేను, నేను కాలేజీకి వెళ్తే అమ్మ. మూడో వారంలో ఒక సాయంత్రం నాన్న చెప్పుల చప్పుడు విని తోక చివర కదిలింది. చివర మాత్రమే, రెండంగుళాలు. ‘18.10. తోక’ అని రాసుంది పుస్తకంలో.

బెల్లం మళ్లీ నడిచాడు, తూలుతూ. పదమూడేళ్లు బతికాడు. కానీ నాన్న ఆ వారమే తీసుకున్న అడ్వాన్సులన్నీ తిప్పి పంపేశాడు. పేరున్న కుక్కలవాళ్లు ఇంటికొచ్చి చెప్పారు, ఇది ప్రమాదం, వంశంలో ఉందని ఎలా అంటారు, ఇలాంటి ముందుకాళ్లు మళ్లీ దొరుకుతాయా అని. ఎనిమిదేళ్ల కష్టం అది, ఆయన కంటే ఎవరికి తెలుసు? అయినా బెల్లం వంశం అక్కడితో ఆపేశాడు. ఆ పదమూడు పిల్లలున్న ఇళ్లకు పదిహేను పైసల కార్డులు కొని తనే రాశాడు. ‘మెట్లు ఎక్కనివ్వకండి. మంచం మీది నుంచి దూకనివ్వకండి. ఒళ్లు పెరగనివ్వకండి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి నడుం కింద ఉండాలి.’ ఒక్క కార్డులో కూడా బెల్లం చాంపియన్ అన్న మాట లేదు. నేను మా నాన్నను అన్నిటికంటే గౌరవించేది ఆ కార్డులకే. చాంపియన్‌ను తయారు చేయడం కష్టమే. తయారయ్యాక వద్దనుకోవడం ఎంత కష్టమో ఆ వారం మా ఇంట్లో చూశాను.

ఆ తర్వాత చాలా ఏళ్లకు సైన్సు దాని సంగతి చెప్పింది. పొట్టి కాళ్లకు కారణమైన జన్యువు సంగతి 2009లో, డిస్కులు ముందే గట్టిపడడానికి కారణమైన మార్పు సంగతి 2017లో. డాష్‌హండ్లలో దాదాపు అన్నిటికీ అది ఉంది, ఏరి పారేద్దామంటే జాతే మిగలదు. అందుకే స్కాండినేవియా దేశాల్లో రెండు నుంచి నాలుగేళ్ల వయసులో వెన్నుకు ఎక్స్‌రే తీసి, గట్టిపడ్డ డిస్కులు తక్కువున్నవాటికే జత కట్టిస్తారు. చివరి కాన్పులకు మేము కూడా అలాగే చేశాం.

నానమ్మ 1994లో పోయింది. నాన్న 1996లో రిటైరయ్యాడు, మల్కాజిగిరిలో ఇల్లు కట్టుకున్నాం, మెట్లు లేకుండా. గుమ్మానికి ర్యాంపు పెట్టించాడు. చూసినవాళ్లు పెద్దాయనకు మోకాళ్ల నొప్పులేమో అనుకునేవాళ్లు.

ఈలోగా లోకం రకరకాల కుక్కల వెంట పరుగెత్తింది. తొంభైలలో ప్రతి ఇంటికీ తెల్ల స్పిట్జ్ కావాలి, దాన్ని అందరూ పామెరేనియన్ అనేవాళ్లు. కుక్కల మోజు కొత్తదేం కాదు. విక్టోరియా రాణి 1891లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల షోకు తన పామెరేనియన్లను పంపినప్పటి నుంచి వాటి మీద అక్కడా మోజు పెరిగింది. 2003లో టీవీలో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చింది, పిల్లాడి వెనకాలే నడిచే పగ్. ఆ ఏడాది మాకు వచ్చిన ఫోన్లు అన్నీ ఇన్నీ కావు, ‘పగ్ పిల్లలున్నాయా అండీ?’ అని. ముక్కు లోపలికి నొక్కుకుపోయిన ఆ కుక్క మన ఎండలో ఊపిరి కోసం ఎంత పెనుగులాడుతుందో నాన్న ఓపిగ్గా చెప్పేవాడు. ఇంకొందరు మచ్చల డాపిల్ డాష్‌హండ్లు కావాలనేవాళ్లు, రెండు డాపిల్స్ కలిపితే ఇంకా ఎక్కువ మచ్చలు వస్తాయట కదా అని. వస్తాయి. నాలుగింట ఒక పిల్ల గుడ్డిదిగానో చెవిటిదిగానో పుట్టే ప్రమాదం కూడా దాంతోనే వస్తుంది. ఆ మాట అడిగినవాళ్లకు మా ఇంటి నుంచి పిల్ల వెళ్లలేదు.

2017లో కుక్కల పెంపకం మీద కేంద్రం రూల్స్ తెచ్చింది. నాన్నకు చూపు తగ్గింది, పక్కన కూర్చుని నేనే చదివి వినిపించాను. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను అమ్మకూడదు. ఏడాదికి ఒక కాన్పుకు మించకూడదు. ‘మన డచెస్ రోజుల నుంచి అంతే కదరా’ అన్నాడు. కాసేపాగి, ‘ఇప్పటికైనా రాశారు, మంచిది’ అన్నాడు. మరుసటి ఏడాది పోయాడు. ఆ రోజు మంచం కింద రాగి మనవరాలు పడుకుని ఉంది. పుస్తకంలో ఆయన రాసిన చివరి అక్షరాలు దాని టీకా తేదీ.

అక్క టెక్సాస్‌లో ఉంటుంది. 2019లో అక్కడి పెద్ద కుక్కల షో వెస్ట్‌మిన్‌స్టర్‌లో బర్న్స్ అనే పొడుగు జుట్టు డాష్‌హండ్ వేటకుక్కల హౌండ్ గ్రూప్ గెలిచి ఫైనల్‌కు వచ్చింది. ఆ షోలో ఆ జాతి అప్పటిదాకా ఒక్కసారి కూడా బెస్ట్ ఇన్ షో, అంటే షో మొత్తానికి మొదటి బహుమతి, గెలవలేదు. అక్క ఫోన్ చేసి, టీవీ ముందు కూర్చుని, నాకు మాటలతోనే చూపించింది. ‘ముందు కాళ్లు చూడరా, మన బెల్లం లాగే.’ గెలిచింది వైర్ ఫాక్స్ టెర్రియర్. అక్క చాలాసేపు ఫోన్ పెట్టలేదు. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు కూడా.

ఆ ఏడాదే మా చివరి కాన్పు, నాలుగు పిల్లలు. నా భార్యకు ఆరోగ్యం బాగోలేదు, రాత్రిళ్లు మేలుకోవడం మా వల్ల కాదు. సరిగ్గా చేయలేనప్పుడు చేయకూడదని ఆపేశాం.

ఇప్పుడు ఆ 134 వరుసల్లో చివరి గడి తొమ్మిదింటికి ఖాళీగా ఉంది. ఆదివారం పొద్దున్న కాఫీ తాగి, పుస్తకం తీసి, వరుసగా ఫోన్లు చేస్తాను. వరంగల్, గుంటూరు, కర్నూలు, రెండు బెంగళూరు, నాలుగు ఇక్కడే. బరువెంత, కళ్లెలా ఉన్నాయి, మెట్లు ఎక్కనిస్తున్నారా అని అడుగుతాను. పిల్లలు పెద్దవాళ్లై తీసుకున్నవాళ్లు మారిన ఇళ్లున్నాయి, అయినా ఎవరూ విసుక్కోరు.

గుంటూరులో ఉన్నది ఇంగువ. 2009లో పుట్టింది. నానమ్మ పెట్టిన పాత పేరునే మళ్లీ పెట్టాం. పదహారేళ్లు, చూపు పోయింది, ఒక చెవి వినిపించదు. దాన్ని పెంచుకున్న రిటైర్డ్ టీచరమ్మగారు మొన్న ఆదివారం అన్నారు, ‘పెరట్లో ఏదో బొరియ పడింది బాబూ, పొద్దుటి నుంచి అక్కడి నుంచి కదలట్లేదు. ఉండండి, వినిపిస్తాను.’ ఫోన్ పట్టుకుని మెల్లగా మెట్లు దిగుతున్న చప్పుడు. తర్వాత గాలి. తర్వాత అది.

ఖాళీ గడి పక్కన ఉన్న కాస్త చోటులో పెన్సిలుతో రాశాను. ‘08.25. మొరిగింది.’